ఆకు కోసే చేతికి సంఘమేది?

సోలాపురంలో బీడీలు చుట్టే మన ఆడపడుచులకు యూనియను వున్నది. నర్సయ్య ఆడం గారి వంటి ఎఱ్ఱజెండా నాయకుల పట్టుదలవల్ల 2006 నాటికి కుంభారి వద్ద పదివేల ఇళ్ళ కాలనీ లేచింది. సంతోషమే. కాని బీడీ పని అడవిలో మొదలవుతుంది. అక్కడి కూలిని గురించి మన సభలలో ఎవరూ ఎత్తరు.

ప్రాణహిత వొడ్డున వున్న సిరొంచ 1860లో నిజాం చేతినుండి తెల్లదొరలకు పోయింది. తర్వాత చాందా జిల్లాలో కలిసి, 1982 నుండి గడ్చిరోలిలో వున్నది. కచేరీలో మరాఠీ, ఇంట్లో తెలుగు, అడవిలోనికి పోతే గోండీ.

అక్కడ వేసవికి ముందు తునికి పొదలు నరుకుతారు. నెలన్నరకు కొత్త ఆకు కోతకు వస్తుంది. కోత కొద్ది వారాలే. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలో వుంటారు. పులి భయం, ఎలుగు భయం వుండనే వున్నాయి. ఎండ ముదిరేసరికి ఇల్లు చేరి, నారతో కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగించాలి. చిరిగిన ఆకు చెల్లదు.

వొక లెక్క చూడండి. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు. నది దాటితే 50. అక్కడ కట్టకు 3 రూపాయలైతే, ఇక్కడ 4 రూపాయల 20 పైసలు వస్తేనే సమానం. కట్ట ధర మాత్రమే చూచి మురిసేవాళ్ళు యిది గమనించరు.

2025లో రద్దయ్యేదాకా 1966 నాటి బీడీ కార్మికుల చట్టం బీడీ తయారు చేసేవారికి వుండేది. ఆకు కోసేవారు దానికి వెలుపలే వుండేవారు. 1980ల నుండి నక్సలైటు దళాలు కోత ఆపించి రేటు పెంచించాయి. ఆ మాట దాచనక్కరలేదు. అయితే కంట్రాక్టరు వద్ద దళం పుచ్చుకున్న సొమ్ముకు పద్దు లేదు. పోలీసులకూ దళానికీ నడుమ నలిగినది గోండు పల్లెలే.

మాకు నచ్చిన దారి వేరే వున్నది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అధికారమిచ్చాయి. గడ్చిరోలి జిల్లాలోనే మెంఢా లేఖా 2009లో సామూహిక హక్కు పొంది, 2011లో తన వెదురు తానే అమ్ముకున్నది. 2013 నుండి కొన్ని గ్రామసభలు తునికాకు కూడా స్వయంగా అమ్ముతున్నాయి. కూలికి సంఘం ఏదంటే ఇదే అంటాము. ఎఱ్ఱజెండావారు ఇంకా దీన్ని సంఘంగా లెక్కించినట్లు లేదు!

చిక్కులు లేకపోలేదు. 2017లో ఆకుమీద నూటికి 18 వంతున జీఎస్టీ పడింది. 2025 సెప్టెంబరులోగాని 5కు దిగలేదు. బేరం కుదిరినా డబ్బు ఎగవేసే వ్యాపారి వుండనే వుంటాడు. వాడితో చేసుకొనే కరారు మరాఠీలో వుంటుంది. వేలిముద్ర వేసే అవ్వకు వచ్చినది తెలుగో గోండీయో. మన సంఘంలో మరాఠీ కచేరీ భాష తెలిసిన పెద్దలున్నారు. ఆకు చిగిర్చేలోగా ఆ కరారును వారికి చదివి వినిపించగలవారు మా పత్రికకు వొక కార్డు వ్రాయండి.