కెర్మిట్‌ను ఎవరు ఆడించాలి?

ఒక ఆకుపచ్చ కప్ప గొంతు గురించి మూడున్నర దశాబ్దాలుగా తగువు నడుస్తోంది. ఆ కప్ప పేరు కెర్మిట్. అమెరికాలో పుట్టి ప్రపంచమంతా తిరిగిన మప్పెట్ బొమ్మల బృందానికి పెద్ద దిక్కు. 1955 నుంచి ఇప్పటిదాకా ఆ బొమ్మను ప్రధానంగా ఆడించిన చేతులు మూడే. మొదట సృష్టికర్త జిమ్ హెన్సన్, 1990లో ఆయన కన్నుమూశాక స్టీవ్ విట్‌మైర్, 2017 నుంచి మాట్ వోగెల్. చేయి మారిన ప్రతిసారీ అభిమానులు రెండు వర్గాలయ్యారు. ముక్కుతో పలికే ఆ తీరు తగ్గిందని, గొంతు బరువెక్కిందని, నోరు తెరిచే పద్ధతి తేడాగా ఉందని ఒక వర్గం బాధపడుతుంది. బొమ్మ బతికుంది కదా, అంతకన్నా ఏం కావాలని మరో వర్గం సర్దిచెబుతుంది.

మొదటి వర్గాన్ని చాదస్తులని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. గొంతులో వెంట్రుకవాసి తేడాను పట్టుకునే చెవి ఊరికే రాదు. ఏళ్ల తరబడి ప్రేమగా విన్నవాళ్లకే వస్తుంది. రెండో వర్గం ఓర్పులోనూ ప్రేమే ఉంది. అయితే ఇద్దరూ గొంతు దగ్గరే ఆగిపోతున్నారు. బొమ్మ పాత్రకు ప్రాణం గొంతులో కన్నా బదులివ్వడంలో ఉంటుందని నా నమ్మకం. ఎదుటివాళ్లు ఊహించని మాట అన్నప్పుడు ఆ పాత్ర తన స్వభావం తప్పకుండా బదులిస్తోందా? కొత్త కళాకారుణ్ణి తూచాల్సింది దీనితోనే.

మప్పెట్ ఎలా ఆడుతుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. హెన్సన్ పద్దెనిమిదేళ్ల వయసులో వాళ్లమ్మ పాత కోటు గుడ్డ కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి కళ్లుగా అతికించి మొదటి కెర్మిట్‌ను తయారుచేశారు. తల లోపల యంత్రం లేదు. ఉన్నది మనిషి చేయి మాత్రమే. వేళ్లు ముడుచుకుంటే కప్ప మొహం ముడుచుకుపోతుంది, మణికట్టు వాలితే తల దిగాలుగా వాలుతుంది. కళాకారుడు కెమెరాకు కనపడకుండా కింద ఉండి, సాధారణంగా కుడిచేతిని పైకెత్తి బొమ్మ తలను ఆడిస్తాడు. ఎడమచేత్తో బొమ్మ చేతులకు కట్టిన సన్నటి కడ్డీలను కదుపుతాడు. ప్రేక్షకుడికి బొమ్మ ఎలా కనిపిస్తుందో ఎదురుగా ఉన్న మానిటర్‌లో చూసుకుంటూ ఉంటాడు. అదే సమయంలో గొంతూ తనే ఇస్తాడు. సినిమా డబ్బింగ్‌లో ఒకరి మొహానికి మరొకరి గొంతు అతకవచ్చు. ఇక్కడ ఊపిరి, మణికట్టు, మాట అన్నీ ఒకే మనిషివి. ఆ మనిషి మారినప్పుడు గొంతు ఒక్కటే యథాతథంగా ఉండాలంటే ఎలా కుదురుతుంది?

1969లో మొదలైన పిల్లల కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'లో చాలామందికి గుర్తుండిపోయిన చిన్న ఘట్టం ఒకటుంది. కెర్మిట్ పక్కన నిలబడ్డ ఒక చిన్నారి ఇంగ్లిష్ అక్షరమాల పాడాలి. అక్షరాల మధ్యలో ఆ పిల్ల అదే కార్యక్రమంలోని మరో బొమ్మ కుకీ మాన్‌స్టర్ పేరు దూర్చి పకపకా నవ్వుతుంది. కెర్మిట్ సరిదిద్దబోతాడు. మళ్లీ అదే అల్లరి. ఆఖరికి అలిగి వెళ్లిపోతాడు. పిల్ల వెనకనుంచి నువ్వంటే నాకిష్టం అంటుంది. కప్ప తిరిగొచ్చి తనకూ ఇష్టమేనంటాడు. ఆ పిల్లకు మాటలు ఎవరూ రాసివ్వలేదు. బొమ్మ కింద ఒక పెద్దమనిషి ఉన్నాడన్న ధ్యాసే ఆమెకు లేదు, ఆమె కప్పతోనే మాట్లాడింది. హెన్సన్ అప్పటికప్పుడు కెర్మిట్‌గా నొచ్చుకోవాలి, కెర్మిట్‌గా అలగాలి, కెర్మిట్‌గా కరగాలి. అలాంటి క్షణంలో గొంతు అనుకరణ ఎంత చక్కగా వచ్చినా అక్కరకు రాదు.

ఇంతకీ దేన్ని అనుకరించాలి? మొదట్లో కెర్మిట్ కప్పే కాదు, బల్లిలాంటి ఏదో జీవి. కప్పగా స్థిరపడింది 1960ల చివర్లో. ఇంగ్లండ్‌లో చిత్రీకరించిన 'ది మప్పెట్ షో' 1976 నుంచి 1981 దాకా 120 భాగాలు నడిచింది. ఆ అయిదేళ్లలోనే కెర్మిట్ మాట, నడక, కంగారు కుదురుకుంటూ వచ్చాయి. అందరూ మప్పెట్ కళాకారుడు ఫ్రాంక్ ఆజ్ సొంతమనుకునే పందిబొమ్మ మిస్ పిగ్గీని తొలినాళ్లలో ఆయనా, మరో కళాకారుడు రిచర్డ్ హంటూ పంచుకుని ఆడించారు. మనం అసలు రూపమని పట్టుకు కూర్చున్నది చాలాసార్లు మనకు మొదట పరిచయమైన రూపమే. 1992 నాటి 'ది మప్పెట్ క్రిస్మస్ కరోల్' చూసి పెరిగినవాళ్లకు విట్‌మైర్ గొంతే కెర్మిట్ గొంతు. 1990లో వారసుడిగా వచ్చిన మనిషి, 2017లో ఆయన్ను తప్పించారని తెలిసేనాటికి ఒక తరం మొత్తానికి అసలువాడైపోయాడు.

పోలికే కొలమానమైతే ఎల్మో ఉండేవాడే కాదు. 1980ల మొదట్లో సెసమీ స్ట్రీట్‌లో ఆ ఎర్రబొమ్మ గుంపులో గోవిందయ్య. కొంతకాలం రిచర్డ్ హంట్ బొంగురుగొంతుతో ఆడించారు, ఆ బొమ్మ ఆయనకు ఎక్కలేదు. 1980ల మధ్యలో కెవిన్ క్లాష్ చేతికి వచ్చింది. క్లాష్ గొంతును సన్నగా పైకి లేపి, కనపడ్డవాళ్లనల్లా వాటేసుకునే మూడున్నరేళ్ల పసివాణ్ణి చేశారు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ఇళ్లతో సహా లక్షల ఇళ్లలో పిల్లలు ఇష్టపడే ఎల్మో అప్పుడు పుట్టాడు. 2013 నుంచి రయాన్ డిలన్ ఆడిస్తున్నారు.

దీనికి అభిమానులు చెప్పే అభ్యంతరం గట్టిదే. ఎల్మోకు అప్పటికి చరిత్ర లేదు, కాబట్టి ఏం చేసినా చెల్లింది. కెర్మిట్ అలా కాదు, దశాబ్దాల జ్ఞాపకం ఉన్నవాడు. అతన్ని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు మారుస్తామంటే ఒప్పుకోకూడదు. నేనూ ఒప్పుకోను. పేరుపడిన పాత్రకు హద్దులుంటాయి. ఆ హద్దు స్వరస్థాయి దగ్గర గీయాలా, స్వభావం దగ్గర గీయాలా అన్నదే ప్రశ్న.

దీనికి జవాబు మప్పెట్ల సినిమాలోనే ఉంది. 2014లో వచ్చిన 'మప్పెట్స్ మోస్ట్ వాంటెడ్'లో కాన్‌స్టంటీన్ అనే దొంగకప్ప అచ్చం కెర్మిట్‌లా ఉంటాడు, మొహం మీద పుట్టుమచ్చ ఒక్కటే తేడా. ఆ మచ్చను రంగుతో కప్పుకుని, కెర్మిట్ మొహానికి ఒక మచ్చ అంటించి, అతన్ని సైబీరియా జైలు పాలుచేసి బృందంలో చేరిపోతాడు. మాట మొత్తం రష్యన్ యాసే. అయినా స్నేహితుల్లో చాలామంది గుర్తుపట్టరు. కారణం చాలా సూక్ష్మమైనది. దొంగకప్ప ఎవరేం అడిగినా సరేనంటాడు. ప్రదర్శనలో ఎవరి అంశం వాళ్లు ఎంతసేపైనా చేసుకోవచ్చు. అందరూ ఆ స్వేచ్ఛకు మురిసిపోతారు, ప్రదర్శన అదుపు తప్పుతుంది. అసలు కెర్మిట్ అలా ఎన్నటికీ సరేననడు. అందరి పిచ్చినీ భరిస్తాడు, కాదనాల్సినచోట మెత్తగా కాదంటాడు, విసుగొస్తే ఒక్కసారి చేతులు గాల్లో ఊపి అరుస్తాడు, మళ్లీ అందర్నీ కూడగట్టి తెర లేపుతాడు. కెర్మిట్ అంటే ఆ మెత్తని మొండితనం. ఆ సినిమాలో కెర్మిట్‌ను ఆడించింది విట్‌మైర్, దొంగకప్పను ఆడించింది వోగెల్. ఏది కెర్మిట్ కాదో ఒక సినిమా పొడవునా చేసి చూపిన కళాకారుడి చేతికే మూడేళ్ల తర్వాత కెర్మిట్ వచ్చాడు.

నా మటుకు వోగెల్ గొంతు హెన్సన్ గొంతుకు కొంత దూరంగానే వినిపిస్తుంది. కానీ ఆ మెత్తని మొండితనం ఆయన కెర్మిట్‌లో ఉంది. అందుకే ఆ కప్పను కెర్మిట్‌గా ఒప్పుకుంటాను.

ఇదే వోగెల్ మరో వారసత్వాన్నీ అందుకున్నారు. ఆ కథ దీనికి పూర్తిగా భిన్నం. సెసమీ స్ట్రీట్‌లోని పసుపుపచ్చ పెద్దపిట్ట బిగ్ బర్డ్‌ను 1969 నుంచి కారల్ స్పిన్నీ ఆడించారు. వోగెల్ 1990ల ద్వితీయార్ధం నుంచే ఆయన దగ్గర నేర్చుకున్నారు. 2015లో వయసు మీదపడి ఒళ్లు సహకరించకపోతే స్పిన్నీ గొంతు మాత్రం ఇచ్చారు, ఈక దుస్తుల్లోకి వోగెల్ దిగారు. 2018లో స్పిన్నీ విరమించేసరికి బాధ్యత అప్పగించడం దాదాపు పూర్తయిపోయింది. గురువు బతికుండగా, ఆయన కళ్లముందు జరిగిన అప్పగింత అది. కెర్మిట్‌కు ఆ భాగ్యం రెండుసార్లూ దక్కలేదు. 1990 మేలో హెన్సన్ 53 ఏళ్లకే హఠాత్తుగా పోయారు. అదే ఏడాది నవంబరులో విట్‌మైర్ కెర్మిట్‌తో తెరమీదికి రావలసివచ్చింది. 2004లో మప్పెట్లను కొనుక్కున్న డిస్నీ 2016లో విట్‌మైర్‌ను తప్పించింది, ఆ సంగతి 2017 జులైలో బయటపడింది. కారణాలు ఆ సంస్థ ఒకలా చెప్పింది, ఆయన మరోలా చెప్పారు. అందులో ఎవరిది న్యాయమో నేను తేల్చబోవడం లేదు. నష్టం మాత్రం స్పష్టం. పాత చేయి కొత్త చేతికి పక్కన నిలబడి నేర్పే అవకాశం పోయింది.

ఈ నష్టానికి బొమ్మ నిర్మాణంలోనూ ఒక కారణముంది. ఫాజీ ఎలుగుబంటి, కుకీ మాన్‌స్టర్ లాంటి బొమ్మలకు చేతులు కడ్డీలతో కదలవు, మనిషి చేతులే తొడుక్కుంటాయి. తలనూ ఎడమచేతినీ ప్రధాన కళాకారుడు ఆడిస్తే కుడిచేతికి మరొకరు కావాలి. కొత్తగా చేరినవాళ్లు అలా కుడిచేయిగా మొదలై, పెద్దవాళ్ల భుజానికి భుజం ఆనించి వాళ్ల ఊపిరి లయ పట్టుకుంటారు. కెర్మిట్ కడ్డీల బొమ్మ, ఒక్కరితో పనైపోతుంది. పక్కన నేర్చుకునేవాడికి సహజంగా చోటు లేదు. కాబట్టి కావాలని చోటు కల్పించాలి.

మన తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు ఎన్ని తరాల చేతులు మారారో లెక్కలేదు. రామాయణ భారత ఘట్టాల మధ్య వచ్చి నవ్వించి పోతారు. ఆ ఊరి సంగతులు, ఆనాటి సంగతులు వాళ్ల నోట పడతాయి. కుటుంబంలో పిల్లలు తెరవెనక కూర్చునే నేర్చుకుంటారు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు గౌరవం దక్కింది అలాంటి తరాల శిక్షణకు కూడా. మా తాతల కాలంలో పోలిగాడి గొంతు వేరని అక్కడ ఎవరూ తగువుపడరు. ఆ గొంతులకు రికార్డింగులు లేకపోవడం అందుకు ఒక కారణం. హెన్సన్ గొంతు అలా కాదు. 'ది మప్పెట్ షో' 2021లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చింది. మీట నొక్కితే ఆ గొంతు పలుకుతుంది. బతికున్న కళాకారుడు ప్రతిరోజూ చనిపోయిన మహాకళాకారుడి అత్యుత్తమ క్షణాలతో పోటీపడాలి. ఏ కళాకారుడికీ అది సులువు కాదు. పోలిక పెట్టేముందు అభిమానులు దీన్నొకసారి తలచుకోవాలని నా విన్నపం.

ఇప్పుడు యంత్రాలతో పాత గొంతును తిరిగి పలికించడం సాధ్యమే. హెన్సన్ గొంతునే అలా తెచ్చుకోవచ్చు కదా అనే ఆలోచన రావడం సహజం. ఆ దారి పట్టవద్దని గట్టిగా చెప్పదలిచాను. ఆ గొంతు అచ్చు గుద్దినట్టు ఉంటుందేమో. అక్షరాల మధ్య అల్లరి చేసే పిల్లకు అలిగి చూపించే మనిషి మాత్రం దాని వెనక ఉండడు. స్వరం మిగిలి పాత్ర పోతుంది.

అభిమానుల పట్టుదల అసలు వెళ్లాల్సిన చోటు వేరే ఉంది. పాత్ర పనిలో ఎదుగుతుంది. హెన్సన్‌కు 120 భాగాల కార్యక్రమం దొరికింది. విట్‌మైర్‌కు 1992, 1996, 1999, 2011, 2014లలో థియేటర్లకు వచ్చిన సినిమాలు దొరికాయి. వోగెల్ కెర్మిట్‌కు అలాంటి ఒక్క సినిమా కూడా ఇంకా రాలేదు. వచ్చినవి ఎక్కువగా చిన్న వీడియోలు, ప్రత్యేక కార్యక్రమాలు, ఒక్క సీజన్‌తో ఆగిన సిరీస్. స్నేహితులతో తగువుపడి, ఓడి, సర్దుకుని, మళ్లీ లేచేంత నిడివి ఇవ్వకుండా గొంతు కుదరలేదంటే అది కళాకారుడి తప్పు కాదు.

గొంతు కోసం వాదించే ఆ శక్తినంతా అభిమానులు రెండు కోరికల మీద పెట్టాలి. మొదటిది, వోగెల్‌కు నిండైన పని ఇవ్వాలి. రెండోది, ఆయన తర్వాత కెర్మిట్‌ను ఎత్తబోయే మనిషిని ఇప్పుడే ఎంచి, ఆయన పక్కన నిలబెట్టాలి. మూడోసారి కూడా చావో తొలగింపో వచ్చిపడ్డాక వారసుణ్ణి వెతుక్కునే పరిస్థితి రానివ్వకూడదు. కెర్మిట్‌ను ప్రేమించేవాళ్లు డిస్నీని నిలదీయాల్సింది ఈ విషయం మీదే.