చేతితుపాకియు, ఆత్మరక్షణమును

రాత్రి అంగడి మూసి, దినపు రాబడిని సంచిలో నుంచుకొని ఒంటరిగా నిల్లు చేరు వర్తకుడును, ఊరికి దూరమున తోటలో కాపురముండు రైతును, బెదరింపు జాబుల నందుకొన్న వకీలును అప్పుడప్పుడు ఒకే ప్రశ్న నడుగుచుందురు: ఆత్మరక్షణమునకు నమ్మదగిన చేతితుపాకి యేది? ఈ ప్రశ్నను పరిహసించుట మాకు సమ్మతము కాదు. ప్రాణభీతి గలవానికి ధర్మోపన్యాసము చేయుట సులభమే. ఆ రాత్రి వానితో కూడ నడచుట కష్టము. కాని యీ ప్రశ్నకు అంగడివాడు చెప్పు సమాధానము వేఱు, చట్టము చెప్పు సమాధానము వేఱు. రెంటిని కలిపి చూచినగాని నిజము తెలియదు.

1878వ సంవత్సరమున, లిట్టన్ ప్రభువు పాలనలో పుట్టిన ఆయుధముల చట్టము భారతీయులకు లైసెన్సు విధించి, ఐరోపీయులకు మినహాయింపు నొసగినది. ఆ యవమానమును మన జాతీయోద్యమము మఱవలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధములను ధరించు హక్కు పౌరునకు గలదని చేర్చిరి. అయినను, 1948 డిసెంబరులో రాజ్యాంగ నిర్మాణ సభయందు శ్రీ హెచ్. వి. కామత్ అట్టి హక్కును రాజ్యాంగమున చేర్పవలయునని సవరణ ప్రతిపాదింపగా సభ దానిని త్రోసివేసినది. తరువాత వచ్చిన 1959 నాటి చట్టము పాత చట్టమును రద్దు చేసినది గాని, లైసెన్సును మాత్రము నిలిపినది. అమెరికా రాజ్యాంగమున వలె మన రాజ్యాంగమున ఆయుధధారణము ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో మరల జ్ఞాపకము చేసినది. కావున మన దేశమున తుపాకి నెన్నుకొనుట అంగడిలో నారంభము కాదు. లైసెన్సు నిచ్చు అధికారి కచేరీలో నారంభమగును.

లైసెన్సు వచ్చినదనుకొందము. అప్పుడైనను ఎన్నికకు గల తావు మిక్కిలి ఇఱుకైనది. సైన్యమును పోలీసులును వాడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు సామాన్యునకు నిషిద్ధము. 0.38, 0.455 అంగుళముల రివాల్వరులును అట్టివే. 1980వ దశాబ్దమునుండి విదేశపు చేతితుపాకులను తెప్పించుకొను దారి సామాన్యులకు మూసికొనిపోయినది. అంతకు మునుపు వచ్చినవి చేతులు మాఱుచు, వయస్సుతోపాటు వెలయు పెంచుకొనుచున్నవి. మిగిలినది ప్రధానముగా 0.32 అంగుళపు రివాల్వరు, పిస్తోలు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము 2014లో 'నిర్భీక్' అను తేలిక రివాల్వరును వెలువరించినది. దాని తూకము సుమారు 500 గ్రాములు. నాటి వెల లక్షా ఇరువదివేల రూపాయలకు పైబడినది. స్త్రీల రక్షణమునకని దానిని ప్రచారము చేసిరి. ఆ వెల పెట్టగల స్త్రీలెందఱో, రాత్రి కర్మాగారములనుండి నడచి యిల్లు చేరు స్త్రీలెందఱో పాఠకులే యోచింతురు గాక. 2021లో ఆయుధ కర్మాగారములు ప్రభుత్వ కంపెనీలుగా మాఱిన పిమ్మట, 2023లో 'ప్రబల్' అను రివాల్వరు వెలువడినది. మునుపటివి నడుమ విఱిచి తూటాలు నింపవలసినవి కాగా, దీని చక్రము ప్రక్కకు తెఱచుకొనును.

ఇక నమ్మదగినది యనగా నేమి? మీట నొక్కినప్పుడెల్ల పేలవలయును. నొక్కనప్పు డెన్నడును పేలరాదు. ఈ రెండు గుణములును ఆయుధమున సగము, అది గలవానియందు సగము ఉండును. రివాల్వరునందు ఒక తూటా పేలకున్నచో మరల మీట నొక్కినంతనే చక్రము తిరిగి మఱియొక తూటా గొట్టము నెదుటికి వచ్చును. పిస్తోలు పలుచనైనది, ఎక్కువ తూటాలు పట్టునది. కాని తూటా ఇఱుకుకొన్నచో దానిని వదల్చుటకు రెండు చేతులును, కలత చెందని మనస్సును, చిరకాలాభ్యాసమును వలయును. ఏడాదికి నాలుగుమార్లైన గుఱి చూడనివానికి రివాల్వరే మేలని మా యభిప్రాయము. తేలికయైన ఆయుధము జేబులో సుఖము, చేతిలో కష్టము. పేలినపుడు మిక్కిలిగా వెనుకకు తన్నును. మీట బిఱుసైనచో గుఱి ప్రక్కకు తొలగును. కావున ఖాళీ ఆయుధమును చేతబట్టి, పిడి అఱచేతికి అమరుచున్నదా, వ్రేలు మీటకు సరిగా నందుచున్నదా అని చూడక కొనరాదు. పాతదానిని కొనువారు చక్రపు గదులు గొట్టముతో సూటిగా కూడుచున్నవో లేదో నిపుణునిచేత పరీక్షింపజేయవలెను. సముద్రతీరమున నుండువారు దానిని తోలు ఒరలో దాచియుంచరాదు. తోలు చెమ్మను పట్టి ఇనుమునకు త్రుప్పు నిచ్చును. ఏండ్లతరబడి నిలువయున్న తూటాను నమ్మరాదు.

ఇచ్చట మన పద్ధతిలోని యొక వింత కానవచ్చును. లైసెన్సుపై ఏడాదికి కొనదగిన తూటాల సంఖ్య వ్రాయబడియుండును. అది స్వల్పమగుటచే పలువురు తూటాలను బంగారమువలె పెట్టెలో దాచి, ఒక్కటియైనను కాల్చి చూడరు. అభ్యాసము లేనివాని చేతిలోని తుపాకి శత్రువునకంటె ఇరుగుపొరుగువారికే అపాయకరము. 2016 నాటి నియమములు దరఖాస్తుదారునకు భద్రతా శిక్షణమును విధించుట మంచిదే. ఆ శిక్షణము ధ్రువపత్రముతో ముగియక, లైసెన్సు గల కాలమంతయు సాగుటకు రైఫిలు క్లబ్బుల ద్వారమున ఏర్పాటు చేయుట ప్రభుత్వపు విధి.

పేల్చిన తరువాతి కథను కొనువారు తలపరు. 2024 జూలై 1వ తేదీనుండి అమలునందున్న భారతీయ న్యాయసంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షనులలో ఆత్మరక్షణ హక్కును వివరించుచున్నది. పాత శిక్షాస్మృతిలోని సూత్రములే ఇందును గలవు. రక్షణమునకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. అధికారుల శరణు జొచ్చుటకు వ్యవధి యున్నచో ఆ హక్కు లేదు. మరణభయము, బందిపోటు, రాత్రివేళ కన్నపు దొంగతనము మొదలగు సందర్భములందే అది ప్రాణహరణము వఱకు విస్తరించును. పారిపోవు దొంగ వీపునకు గుఱిపెట్టినవాడు ఆత్మరక్షణమను ఒక్క మాటతో బోనునుండి దిగిపోజాలడు. అది ఆత్మరక్షణమే యని చూపించు భారము వానిపైననే యుండును. క్షణకాలమున చేసిన నిర్ణయమును న్యాయస్థానము ఏండ్లు విచారించును.

ఇంటిలోని సంగతియు నున్నది. ఎవనికొఱకు తుపాకి కొంటిమో ఆ దొంగ యెన్నటికిని రాకపోవచ్చును. కోపము, మద్యము, నిరాశ, పిల్లల కుతూహలము మాత్రము తలుపు తట్టకయే లోనికి వచ్చును. కావున తాళము గల ఇనుపపెట్టె లేనివాడు తుపాకి కొనరాదు. 2019 నాటి సవరణ, ఒక్కరికి మూడు తుపాకులను రెంటికి తగ్గించి, వేడుకలలో అజాగ్రత్తగా కాల్చువారికి రెండేండ్లవఱకు కారాగారమునో, లక్ష రూపాయలవఱకు జరిమానానో, రెంటినో విధించినది. పెండ్లి ఊరేగింపులో ఆకసమునకు పేల్చు తూటా ఎవరి తలపై దిగునో పేల్చినవా డెఱుగడు. ఆ సవరణమును మేము సమర్థించుచున్నాము.

ఇక అధికారులతో ఒక మాట. పోలీసువారు 30 దినములలో నివేదిక పంపవలయునని, నివేదిక యందిన 60 దినములలో లైసెన్సు అధికారి నిర్ణయింపవలయునని నియమములు. నివేదిక గడువులోపల రాకున్నచో దానికొఱకు వేచియుండక నిర్ణయము చేయవచ్చునని చట్టమే చెప్పుచున్నది. నిరాకరించినచో కారణములను వ్రాతమూలముగా నమోదు చేయవలెను. అప్పీలునకును దారి గలదు. ఈ గడువులు కాగితముపై నున్నంత దృఢముగా కచేరీలలో కానరావు. దరఖాస్తు పెట్టి వేచియున్నవాడు చట్టమునకు లోబడినవాడు. నాటుపిస్తోలు మొలలో దోపుకొన్నవాడు ఏ దరఖాస్తును పెట్టలేదు. మొదటివానిని త్రిప్పించుటలో చూపు పట్టుదలను రెండవవానిని పట్టుటలో చూపవలయును.

తుపాకులు విరివిగా పంచుమని మేము కోరుట లేదు. నిజమైన అపాయమున నున్నవానికి గడువులోపల ఔననియో కాదనియో చెప్పుడు. కాదన్నచో ఆ యపాయమునుండి వానిని కాపాడుటకు పోలీసుశాఖ యేమి చేయునో అదే యుత్తరమున వ్రాయుడు. కొనదలచినవారికి మా హితవు: రాబడిని వీలైనంత బ్యాంకున నిలుపుడు, దారి మార్చుడు, తోడు చూచుకొనుడు, వీథిలో దీపములు పెట్టించుడు. ఇవి చాలవని తేలిన పిమ్మటనే సాదా రివాల్వరు నొకదానిని, దానితోపాటు ఇనుపపెట్టెను, అభ్యాసమును కొనుడు. ఈ మూటిలో నేది లోపించినను మిగిలిన రెండును నమ్మదగినవి కావు.