బాలింత గదిలో కుంపటి ఎందుకండీ?

చలికాలం వచ్చిందంటే చాలు, పురిటికొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇళ్ళలో అటక మీది కుంపటి కిందికి దిగుతుంది. అటక మీద లేకపోతే ఆన్‌లైన్‌లో కొత్తది వస్తుంది, కట్టెబొగ్గుల ప్యాకెట్టుతో సహా. తలుపులు బిగించి, కిటికీ సందుల్లో పాత చీర కుక్కి, మంచం దగ్గర ఎర్రటి నిప్పులు పెట్టి, "పచ్చి ఒళ్ళు, చలిగాలి తగలకూడదు" అంటారు. అలా అనేవాళ్ళకి ప్రేమ లేదని నేననను. ప్రేమ ఉంది కాబట్టే వాళ్ళతో వాదించడం ఇంత కష్టం. అయినా వాదిస్తాను. మూసిన గదిలో బొగ్గులు పెట్టడం తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తెచ్చే పని.

ఈమధ్య బంధువులింట్లో ఇదే గొడవ జరిగింది. నాకు అత్తయ్య వరస ఆవిడ. "నాకు చెప్పొచ్చావా అమ్మాయ్! బయట పెట్టి బాగా రాజేసి, పొగంతా పోయి, పైన బూడిద పట్టాకే లోపలికి తెస్తాను. పొగే లేనప్పుడు ఇంక భయమేమిటి?" అన్నారు.

అసలు చిక్కంతా ఈ మాటలోనే ఉందండీ. పొగ ఉంటే కళ్ళు మండుతాయి, దగ్గొస్తుంది, ఎవరో ఒకరు లేచి తలుపు తీస్తారు. ఒక రకంగా పొగ మనకి కాపలాదారు. పొగ పోయి కణకణలాడే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుని పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. పక్కన గిన్నెతో నీళ్ళు పెట్టామనీ, మొక్క పెట్టామనీ చెప్తారు కొందరు. ఈ వాయువు నీళ్ళలో కలిసిపోయే రకం కాదు. ఆ గిన్నె నిప్పంటుకుంటే చల్లడానికి పనికొస్తుందేమో!

మిగతావాళ్ళ సంగతి అలా ఉంచి బాలింత సంగతి చూడండి. ఈ విషం ఎక్కుతున్న గుర్తులేమిటి? తలనొప్పి, వికారం, నీరసం, మగత. కాన్పయి పదిరోజులైన పిల్లకి ఇవన్నీ ఉంటే ఎవరైనా ఏమంటారు? "రాత్రంతా నిద్ర లేదు కదమ్మా, కాసేపు పడుకో" అని దుప్పటి కప్పి, తలుపు ఇంకా గట్టిగా వేసి వెళ్తారు. కాన్పులో రక్తం పోయి అసలే హిమోగ్లోబిన్ తగ్గి ఉన్న మనిషి ఆమె. పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, పసిగుడ్డు 40 నుంచి 60 సార్లు తీస్తుంది. అంటే ఆ గదిలో గాలి ఎక్కువ వేగంగా లోపలికెళ్ళేది ఆ బిడ్డకే. బిడ్డ ఏడవకుండా పడుంటే, "చూశావా, వెచ్చగా ఉండేసరికి ఎంత హాయిగా పడుకుందో" అని మురిసిపోతాం. నాకు ఒళ్ళు జలదరించేది ఆ మురిపానికే.

ఆడపిల్లని గుండెల మీద కుంపటి అన్న భాష మనది. ఆ మాట పోయిందనుకుంటే, ఇప్పుడు ఆ పిల్ల మంచం పక్కకే నిజం కుంపటి తెచ్చిపెడుతున్నాం.

"మేమంతా కుంపటి పెట్టుకునే కన్నాం, ఏమైంది మాకు?" అని అడుగుతారు. ఏమీ కానివాళ్ళే కదండీ అడగగలిగేది! ఆ పురిటి గదుల్లోంచి బయటికి రాని పిల్లలు వచ్చి మనకి సాక్ష్యం చెప్పరు. పైగా ఆ ఇళ్ళు వేరు. పెంకుల సందుల్లోంచి వెలుతురు చారలు పడేవి, తలుపు రెక్కల మధ్య వేలు పట్టేది, మండువాలో ఆకాశం కనపడేది. ఇప్పుడు అద్దాల కిటికీ జరిపితే దోమ దూరదు. ఆచారాన్ని పల్లెటూరి నుంచి తెచ్చుకున్నాం, పెంకుల సందుల్ని అక్కడే వదిలేశాం.

నిజంగా ఒళ్ళు కొరికే చలి ఉన్న కాశ్మీరులో బుఖారీ అని ఇనప పొయ్యి పెడతారు. దానికి గొట్టం ఉంటుంది, పైకప్పు దాటి బయటికి పోతుంది. ఆ గొట్టంలో మసి పేరుకోకుండా శుభ్రం చేయాలి, అతుకులు చూసుకోవాలి. బొగ్గుతో గది వేడి చేసుకోవాలంటే కనీసం ఆ గొట్టమైనా ఉండాలి. అదున్నా నమ్మకం లేదు. ఫ్రెంచి నవలాకారుడు ఎమిలీ జోలా 1902లో పారిస్‌లో తన పడకగదిలోనే చనిపోయాడు, పొగగొట్టం మూసుకుపోయి. భార్య బతికింది. ఇళ్ళలో రాక్షసి బొగ్గు కాల్చవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. మన కుంపటికి గొట్టం సంగతి దేవుడెరుగు, మూత కూడా లేదు. ఢిల్లీ వైపు అంగీఠీ పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల వార్తలు ఏటా చలికాలంలో చదువుతూనే ఉన్నాం. చదివి, "అయ్యో పాపం" అని పేపరు మడతపెట్టి, మనింట్లో బొగ్గులు రాజేస్తాం.

వెచ్చదనం వద్దని ఎవరన్నారు? బిడ్డని తల్లి గుండెకి ఆనించి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి, పిల్లల డాక్టర్లు చెప్పేదీ అదే. నెత్తికి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు ఉండనే ఉన్నాయి. మరీ చలిగా ఉంటే కరెంటు హీటరు, పక్కబట్టలకి దూరంగా. బొగ్గులతో నీళ్ళు కాచాలన్న ముచ్చట ఉంటే పెరట్లో కాచుకోండి, అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. సాంబ్రాణి గురించి ఇంకోసారి రాస్తాను, అదో భారతం.

ఒక సంగతి మాత్రం ఇంట్లో మగవాళ్ళకీ చెప్పి ఉంచండి. బొగ్గులున్న గదిలో ఎవరికైనా తలనొప్పి, మగత అనిపిస్తే "ఎందుకయిందబ్బా" అని కూర్చోవద్దు. ముందు తల్లినీ బిడ్డనీ బయటి గాలిలోకి తీసుకురండి, తర్వాత 108కి ఫోన్ చేయండి. కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోకండి. ఆ మామూలు పరికరానికి ప్రాణవాయువు పట్టిన రక్తానికీ, ఈ విషం పట్టిన రక్తానికీ తేడా తెలియదు. ఆస్పత్రికి వెళ్ళగానే "గదిలో బొగ్గుల కుంపటి ఉంది డాక్టరుగారూ" అని ముందుగా చెప్పండి. అత్తయ్యకి కోపమొస్తుందని ఆ ఒక్క ముక్కా దాచకండి.