ఆగిన చదువు, సాగిన విద్య

ఇంటి పెద్ద అకస్మాత్తుగా కన్నుమూస్తే, ఆ ఇంట్లో మొదటి దెబ్బ తగిలేది పెద్దకుమారుని చదువుకే. తల్లి ఇద్దత్ గడువైనా ముగియకముందే బంధువులు కూర్చొని, "ఇక కాలేజీ చాలు బేటా, దుకాణం చూసుకో" అని తీర్పు చెప్పేస్తారు. అటువంటి తీర్పు చెప్పవలసి వచ్చిన పెద్దల ముందు ఈ నెల మేము ఒక ఇంజనీరు జీవితాన్ని ఉంచదలచాము.

ఆయన అజీమ్ ప్రేమ్‌జీ. 1945లో బొంబాయిలో జన్మించారు. అదే సంవత్సరం ఆయన తండ్రి ముహమ్మద్ హాషిమ్ ప్రేమ్‌జీ, నేటి మహారాష్ట్రలోని అమల్‌నేర్‌లో వనస్పతి తయారుచేసే సంస్థను నెలకొల్పారు. కుమారుడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతుండగా, 1966 ఆగస్టులో తండ్రి మరణవార్త అందింది. అప్పటికి ఆయన వయస్సు 21 ఏళ్లు. పట్టా చేతికి రాకుండానే తిరిగివచ్చి సంస్థ పగ్గాలు చేపట్టారు. వాటాదారుల సమావేశంలో ఒకరు లేచి, ఈ పని నీవల్ల కాదు, వాటాలు అమ్మి అనుభవజ్ఞులకు అప్పగించమని ముఖం మీదనే అన్నారు.

ఆ యువకుడు వాదనకు దిగలేదు, పని నేర్చుకున్నారు. నూనె, సబ్బుల వ్యాపారాన్ని నిలబెట్టారు. 1970ల చివర ఐబీఎం సంస్థ భారతదేశం విడిచి వెళ్లింది. ఆ ఖాళీలో అవకాశాన్ని గుర్తించి, కంప్యూటర్ల తయారీలోకి అడుగుపెట్టారు. 1991 తర్వాత విదేశీ కంప్యూటర్లకు తలుపులు తెరుచుకోగా, సంస్థ క్రమంగా విదేశీ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ సేవలందించే దిశగా మళ్లింది. అదే నేటి విప్రో. 2000లో దాని వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదయ్యాయి. మన హైదరాబాద్‌లో ఒక కూడలికే ఆ పేరు స్థిరపడింది.

అయితే మేము చెప్పదలచినది ఆ ఐశ్వర్యం గురించి కాదు. ముప్పై ఏళ్లకు పైగా గడిచిన తర్వాత, వేలాది మందికి ఉద్యోగాలిచ్చే స్థితిలో ఉండి కూడా, ఆయన స్టాన్‌ఫర్డ్ అనుమతి కోరి, మిగిలిపోయిన పాఠాలను దూరవిద్య ద్వారా పూర్తిచేసి పట్టా అందుకున్నారు. ఆ పట్టాతో ఆయనకు కొత్తగా రావలసిన ఉద్యోగమేదీ లేదు. మొదలుపెట్టిన విద్యను సగంలో వదలకూడదన్న పట్టుదలే ఆయనతో ఆ పని చేయించిందని మేము భావిస్తున్నాము.

"ఆయనకు తండ్రి కర్మాగారం వదిలివెళ్లాడు, మా పిల్లవానికి అప్పులు మిగిలాయి" అని ఒక తల్లి అంటే, ఆ మాటను మేము కాదనము. బాధ్యత మీద పడినప్పుడు సంపాదనకు పూనుకోవడం కుమారుని ధర్మం, అందులో చిన్నతనం లేదు. కానీ సంపాదన కోసం చదువును ఆపడం వేరు, దానికి సమాధి కట్టడం వేరు. కాలేజీ మానే ముందు తిరిగి చేరడానికి నియమాలేమిటో, గడువెంతో విచారించండి. ధ్రువపత్రాలను, మార్కుల పత్రాలను తీసుకొని భద్రపరచండి. హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యా కోర్సులు నడుపుతున్నాయి. పగలు దుకాణంలో కూర్చునే కుర్రవానికి రాత్రి ఒక గంట పుస్తకం పట్టే వెసులుబాటు కల్పించడం ఇంటివారి పని. అతని ఫీజులో ఒక భాగం భరించడం చాచా, మామూల పని.

ప్రేమ్‌జీ 2001లో స్థాపించిన ఫౌండేషన్ ప్రభుత్వ పాఠశాలల విద్య మెరుగుదలకు కృషి చేస్తోంది. 2010లో ఆయన పేరుతో బెంగళూరులో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2019 మార్చిలో విప్రోలో తనకున్న మరో 34 శాతం వాటాల ఆదాయాన్ని దాతృత్వానికి అంకితం చేశారు. వాటి విలువ అప్పట్లో సుమారు 52,750 కోట్ల రూపాయలు. సంపదను అమానతుగా చూసే మనిషి దానిలో ఎక్కువ భాగాన్ని విద్యకే మళ్లించారు.

మీ బంధువర్గంలో తండ్రి పోయి చదువు ఆగిన పిల్లలెవరైనా ఉన్నారేమో గుర్తు చేసుకోండి. ఈ వారంలోనే ఆ ఇంటికి వెళ్లి, "ఎన్ని పరీక్షలు మిగిలాయి బేటా?" అని అడగండి.