కొత్తవాళ్ళకు పీట వేద్దాం

ఓపెన్ సోర్స్ అనే మాట మన కళాశాల ఆవరణలో తరచు వినిపిస్తున్నది. సంతోషించవలసిన విషయమే. ఒక సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవడానికి, మార్చడానికి, నలుగురికీ పంచడానికి హక్కు యివ్వడమే ఓపెన్ సోర్స్. అలాంటి పని మీద పదిమందీ ఒకచోట చేరి రెండు మూడు రోజులు కలిసి శ్రమిస్తే దాన్ని కోడింగ్ స్ప్రింట్ అంటారు. యిది పోటీ కాదు. కలిసి చేసే పని.

1991 ఆగస్టులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెప్పి సలహాలు అడిగాడు. అదే లినక్స్. ఈనాడు మన ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం అదే. అది అంతగా ఎదగడానికి కారణం అతని తెలివి ఒక్కటే కాదు, ఎక్కడెక్కడివాళ్ళో పంపిన సవరణలు కూడా. అంచేత కొత్తవాళ్ళను పిలవడం మనం చూపే దయ కాదు. ఆ పని బతకాలంటే కొత్త చేతులు కావాలి.

మరి పిలవడమంటే ఏమిటి? బానరు, ముఖ్య అతిథి, పూలదండ, ఉపన్యాసం - యింతేనా? పందిరి ఘనంగా వేసి పొయ్యి వెలిగించడం మరిచిపోతే బంతిలో కూర్చున్నవాడి గతేం కాను? తెలుగు మీడియం నుంచి వచ్చిన ఫస్టియరు కుర్రాడికి పొద్దుటినుంచీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాదు. అడుగుదామంటే సీనియర్లు తలెత్తరు. మధ్యాహ్నానికి "యిది మనవల్ల అయ్యేది కాదు" అనుకుని లేచిపోతాడు. లోపం అతనిది కాదు, ఏర్పాట్లది.

కనుక అసలు స్ప్రింట్ పదిహేను రోజుల ముందే మొదలుకావాలి. చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ళకు తగిన పనులకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తు పెడతారు. గుర్తొక్కటే చాలదు. ఏ ఫైల్లో మార్చాలో, ఎలా సరిచూసుకోవాలో రాసివుంచాలి. ఇన్‌స్టలేషన్‌కు ముందురోజే ఒక పూట కేటాయించాలి. కావలసినవన్నీ పెన్‌డ్రైవుల్లో సిద్ధంగా వుండాలి. నలుగురైదుగురికి ఒక మెంటరుండాలి. పంపిన మార్పును అక్కడికక్కడే చదివి చేర్చుకునే అధికారమున్నవారు హాల్లోనే కూర్చోవాలి.

కోడ్ రాయలేనివాళ్ళకూ పని వుంది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీ కూడా ఓపెన్ సోర్సే. అందులో కనిపించే తెలుగు మాటలు స్వచ్ఛందంగా అనువదించినవే. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి యింతకంటే తగిన పనేముంది?

రాత్రంతా మేలుకుని పనిచేయడం గొప్పగా తోస్తుంది. కాని అమ్మాయిల హాస్టలు గేటు వేసేవేళ, పల్లెకు పోయే చివరి బస్సువేళ ఎవరైనా ఆలోచించారా? పగటిపూటే జరిపితే సగం తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

"యింత శ్రమ ఎందుకు, బహుమతులు పెడితే వాళ్ళే వస్తారు" అనేవారున్నారు. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ ఏమయింది? అక్టోబరు నెలలో నాలుగు మార్పులు పంపితే టీ షర్టు అన్నారు. అక్కడో మాట యిక్కడో మాట చేర్చి పంపినవి వెల్లువెత్తాయి. ప్రాజెక్టులు నడిపేవాళ్ళు తలలు పట్టుకున్నారు. చివరకు ఆ నెలలోనే నిబంధనలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. లెక్క కోసం పిలిస్తే లెక్కే వస్తుంది.

"సీనియర్లే చేసుకుంటే పని రెట్టింపవుతుంది గదా?" అనీ అనవచ్చు. నిజమే, ఆ రెండు రోజులకు. సీనియర్లు ఫైనలియరు కాగానే వెళ్ళిపోతారు. తర్వాత ఆ కోడ్‌ను చూసేదెవరు?

విద్యార్థి సంఘానికి ఒక్క మనవి. ఈసారి ఎన్ని మార్పులు పంపామన్నది నోటీసు బోర్డు మీద పెట్టవద్దు. వచ్చిన కొత్తవాళ్ళలో నెల తిరిగేసరికి యింకా పనిచేస్తున్నవారెందరో లెక్కపెట్టండి. స్ప్రింట్ నెగ్గిందో లేదో చెప్పేది ఆ అంకే.