మందులు మానేసినవాడిదేనా తప్పు?

మానసిక రోగులు మందులు మధ్యలో మానేస్తున్నారనీ, దీనికంతటికీ సెల్‌ఫోనే కారణమనీ విజ్ఞులు వాపోతున్నారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని నిజమంతా యిదేననుకుంటే మోసం చేసినవాణ్ణి వదిలి మోసపోయినవాణ్ణి శిక్షించినట్టవుతుంది.

నిజాంపేటలో మా పై అంతస్తులో వుండే యువకుడు హైటెక్ సిటీలో వుద్యోగి. బైపోలార్ వ్యాధికి లిథియం వాడుతున్నాడు. లిథియం మూత్రపిండాలను తినేస్తుందని ఒక రాత్రి ఫోనులో చూసి, మర్నాటినుంచి మానేశాడు. రెండు నెలలు తిరక్కుండా జబ్బు తిరగబెట్టింది. “చదువుకున్నవాడివి, ఆమాత్రం తెలీదా?” అని అందరూ అతన్నే తిట్టారు.

అతను చూసింది పూర్తిగా అబద్ధమా? కాదు, అర్ధసత్యం. ఏళ్ల తరబడి వాడితే లిథియం కొందరిలో మూత్రపిండాలనూ థైరాయిడ్‌నూ దెబ్బతీసే మాట నిజమే. అందుకే మధ్యమధ్య రక్తపరీక్షలు చేసి మోతాదు సరిచూస్తారు. హఠాత్తుగా మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం హెచ్చు. ఈ రెండో సగం అతనికి చెప్పిందెవరు? అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపిన వైద్యుడు చెప్పలేదు. వైద్యుడు వదిలేసిన ఖాళీని ఫోను ఆక్రమించింది.

“దుష్ఫలితాలు చెబితే రోగి భయపడి అసలే మానేస్తాడు” అని కొందరి వాదన. తెలిస్తే చెడిపోతారని ప్రజల గురించి పెద్దలు ఎప్పుడూ అనే మాటే యిది. చెప్పకపోయినా అతను భయపడనే పడ్డాడు గదా! పోనీ, మతి స్థిమితం లేదు గనక మానేశాడందామా? ధనిక దేశాల్లో సైతం దీర్ఘవ్యాధిగ్రస్తుల్లో సుమారు సగం మందే మందులు సక్రమంగా వాడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. రక్తపోటు రోగులకూ మతి లేదనే అందామా?

భయాన్ని అమ్ముకునేవారిని వెనకేసుకు రావడం నా వుద్దేశం కాదు. పిచ్చి కుదురుస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆనాడు పత్రికల్లో సాగిన వ్యాపారం యీనాడు ఫోనుల్లో సాగుతోంది. ఆ చట్టాన్ని అమలు జరపవలసిందే. కాని అబద్ధాన్ని నిషేధించినంత మాత్రాన నిజం రోగికి చేరదు.

నిజం తెలుసుకోవడం రోగి హక్కు. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స వివరాలూ దుష్ఫలితాలూ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 22వ సెక్షనులో శాసించింది. తెలుగువాడికి ఆ భాష ఏది? మందుల పెట్టెలో చీమ తలకాయలంత యింగ్లీషు అక్షరాలా? ప్రతి మందుతోనూ తెలుగు కరపత్రం యివ్వాలని ప్రభుత్వాన్ని మనం ఎందుకు అడగం? దాన్ని తేట తెలుగులో రాయడానికి మనలాటి తెలుగు మేష్టర్లు వైద్యుల పక్కన ఎందుకు కూర్చోం?

ఆ యువకుడు మళ్లీ లిథియం వాడుతున్నాడు. ఈసారి మరో వైద్యుడు అరగంట కూచోబెట్టి అంతా తెలుగులో చెప్పాడు. రక్తపరీక్ష తేదీని అతనే గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటున్నాడు.