తోకే ఆధార్ కార్డు!

మనకి ఆధార్ కావాలంటే పది వేళ్లూ స్కానర్ మీద పెట్టాలి. హంప్‌బ్యాక్ తిమింగలానికి ఆ ఇబ్బంది లేదు. తోక ఎత్తితే చాలు. ఆ తోక అడుగున నలుపు తెలుపు మచ్చలుంటాయి, అంచు రంపంలా ఉంటుంది. ఏ రెండు తిమింగలాలకీ ఆ డిజైన్ ఒకేలా ఉండదు. లోతుకి మునిగే ముందు అది తోక పైకెత్తే రెండు మూడు సెకన్లలో మీరు ఫొటో కొట్టారంటే, ఫలానా తిమింగలం ఫలానా రోజు ఫలానా చోట బతికే ఉందనడానికి సాక్ష్యం మీ ఫోన్‌లో ఉన్నట్టే.

ఆ సాక్ష్యం ఎవరికి కావాలి? ఇన్‌స్టాలో లైకులు కొట్టే ఫ్రెండ్స్‌కి మాత్రమే కాదు. అది చెప్పడానికే ఈ వారం మిమ్మల్ని ఐస్‌లాండ్ ఉత్తర కొసకి తీసుకెళ్తున్నా. స్వెటర్ వేసుకుని రండి.

ఊరు చిన్నది, పేరు పెద్దది

ఊరి పేరు హూసావిక్. 'ఇళ్లున్న రేవు' అని అర్థం. జనాభా రెండున్నర వేలకు కాస్త అటూ ఇటూ. అంటే మన దగ్గర ఓ చిన్న పంచాయతీ. నెట్‌ఫ్లిక్స్‌లో 'యూరోవిజన్' సినిమా చూసినవాళ్లకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. అందులోని 'హూసావిక్' పాట 2021లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. రాజధాని రేక్యావిక్ నుంచి అకురేరి అనే ఊరికి ముప్పావు గంట ఫ్లైటు, అక్కడి నుంచి రోడ్డు మీద గంట పైన. షెంజెన్ వీసా ఉంటే చాలు.

ఊరి ముందున్న అఖాతం పేరు స్క్యాల్ఫండి. 'వణికేది' అని అర్థం. భూకంపాలు వచ్చే చోటు కాబట్టి ఆ పేరొచ్చింది. జూన్‌లో ఆ గాలికి నిలబడ్డాక మాత్రం, వణికేది మనమేనేమో అనిపిస్తుంది.

తిమింగలాలు ఇక్కడికే ఎందుకొస్తాయి? సింపుల్. తిండి. రెండు నదులు ఈ అఖాతంలో కలుస్తూ లవణాలు, పోషకాలు మోసుకొస్తాయి. వేసవిలో సూర్యుడు దాదాపు అస్తమించడు. ఎండ, పోషకాలు రెండూ దొరికేసరికి నీళ్లలో కంటికి కనపడని నాచు విపరీతంగా పెరుగుతుంది. దాన్ని తినడానికి క్రిల్ అనే రొయ్యల్లాంటి జీవులు, వాటి వెనక చిన్న చేపలు, వాటన్నిటి కోసం తిమింగలాలు. హంప్‌బ్యాక్‌లు వేసవంతా ఇక్కడ కడుపు నిండా తిని, చలికాలం కరీబియన్ వైపో, ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డీ వైపో వేల కిలోమీటర్లు ఈదుకుంటూ పోతాయి. అక్కడే జత కట్టడం, పిల్లల్ని కనడం. అక్కడ వాటికి తిండి దాదాపు సున్నా. ఇక్కడ పోగేసిన కొవ్వే ఆధారం. ఆన్‌సైట్‌కొచ్చి సంపాదించుకుని, ఊరెళ్లి పెళ్లి చేసుకునే బ్యాచ్ అన్నమాట!

పొద్దున ట్రిప్పు... పోర్పస్‌లతో సరి

మేం ముగ్గురం. నేను, నా రూమ్మేట్, అతని శ్రీకాకుళం ఫ్రెండ్ ఒకడు. ఒకే రోజు రెండు ట్రిప్పులు బుక్ చేశాం. ఒక్కోటి మూడు గంటలు.

మా బోటు ఓక్ చెక్కతో చేసినది. ఒకప్పుడు చేపల వేటకి తిరిగిన బోటే. చేపల పని తగ్గాక ఇలాంటి పాత బోట్లను బాగుచేసి 1995 నుంచి ఇక్కడ తిమింగలాలు చూపించడం మొదలుపెట్టారు. ఎక్కగానే అందరికీ మందపాటి ఓవరాల్స్ ఇచ్చారు. అవి తొడుక్కున్నాక ముగ్గురం చంద్రయాన్‌కి సెలెక్ట్ అయినట్టున్నాం. అయినా బోటు అఖాతం మధ్యలోకి వెళ్లేసరికి వేళ్ల చివర్లు మొద్దుబారాయి. కడుపులో తిప్పడం మొదలైంది. శ్రీకాకుళం కుర్రాడు జేబులోంచి అల్లం మురబ్బా తీసి పంచాడు. చుట్టూ ఉన్న జర్మన్‌లకి కూడా!

వెతకడం ఎలాగంటే, బోటు ముక్కు 12 గంటలు. కుడి పక్క 3, వెనక 6, ఎడమ పక్క 9. తిమింగలం ఎటు కనపడితే ఆ గంట అరుస్తారు. మా గైడ్ స్పెయిన్ అమ్మాయి, మెరైన్ బయాలజీ చదువుతోంది. "రెండు గంటలు!" అని అరవగానే మా రూమ్మేట్ ఫోన్ తీసి టైమ్ చూశాడు.

పొద్దున ట్రిప్పులో మాకు దొరికింది నాలుగు పోర్పస్‌లు, ఒక మింకీ తిమింగలం. పోర్పస్ అంటే డాల్ఫిన్‌కి చిన్న చుట్టం అనుకోండి. మింకీ తోక చూపించదు. వీపు అలా తిప్పి మాయమైపోతుంది. అది ఊపిరి వదిలినప్పుడు గాలి మా వైపే వీచింది. ఆ నీచు వాసన! కుళ్లిన చేపల బుట్ట మూత తీసినట్టుంది. గైడ్ నవ్వుతూ, దానికి 'స్టింకీ మింకీ' అని ముద్దు పేరు కూడా ఉందని చెప్పింది.

ఏమీ కనపడకపోతే ఏంటి పరిస్థితి? ఇంకో ట్రిప్పుకి ఉచితంగా రమ్మనే కంపెనీలున్నాయి. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వరు. సముద్రానికి కస్టమర్ కేర్ లేదు కదా.

మధ్యాహ్నం... అది తోక ఎత్తింది

రెండో ట్రిప్పులో గంటన్నర దాకా నీళ్లు, కొండల మీద మంచు, అంతే. అప్పుడు వినిపించింది. అవును, ముందు వినిపించింది, తర్వాతే కనిపించింది. ప్రెషర్ కుక్కర్ ఆవిరి ఒక్కసారిగా వదిలినట్టు 'ఫుస్స్'మని. పది గంటల వైపు నిలువెత్తు ఆవిరి. కెప్టెన్ వేగం తగ్గించాడు.

హంప్‌బ్యాక్ పద్ధతి ఒకసారి తెలిస్తే ఊహించడం తేలిక. పైకొచ్చి నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుంటుంది. చివరి ఊపిరి తర్వాత వీపు బాగా వంచుతుంది. అదే సిగ్నల్. ఇప్పుడు తోక లేస్తుంది. ఐదారు ఏనుగులంత బరువున్న ప్రాణి, చప్పుడు లేకుండా, ఏ తొందరా లేకుండా తోక ఎత్తి, నీళ్లు ధారగా కారుతుండగా కిందికి జారిపోయింది. అది మునిగిన చోట నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఓ వలయంలా మిగిలాయి. దాన్ని 'పాదముద్ర' అంటారట.

బోటులో ఎవరూ మాట్లాడలేదు. చివరికి శ్రీకాకుళం కుర్రాడే అన్నాడు. "మా వైపు తిమింగలం అంటే ఒడ్డుకు కొట్టుకొచ్చిందే రా. బతికున్నది చూడ్డం ఇదే ఫస్టు."

ఆ మాట నిజమే. 2023లో శ్రీకాకుళం జిల్లా తీరానికి ఒక నీలి తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. జనం సెల్ఫీల కోసం ఎగబడ్డారు. బంగాళాఖాతంలో తిమింగలాలున్నాయని మనకి తెలిసేది అవి చచ్చిపోయాకే.

మన ఫొటోతో ఏం లెక్క తేలింది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. తోకల్ని చూసి తిమింగలాల్ని గుర్తుపట్టే పని ఒకప్పుడు శాస్త్రవేత్తలు కళ్లతోనే చేసేవారు. వేల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని పోల్చడం. 2018 చివర్లో కాగిల్ అనే డేటా సైన్స్ వేదిక మీద ఒక పోటీ పెట్టారు. తోక ఫొటో ఇస్తే అది ఏ తిమింగలమో చెప్పే ప్రోగ్రామ్ రాయాలి. రెండు వేలకు పైగా టీమ్‌లు దిగాయి. ఆ పోటీలోంచి వచ్చిన అల్గారిథమ్‌ను 'హ్యాపీవేల్' అనే వెబ్‌సైట్ వాడుకుంది. ఫొటో బాగుంటే 97 నుంచి 99 శాతం కరెక్టుగా చెబుతుంది. అందులో ఎవరైనా ఫొటో అప్‌లోడ్ చేయొచ్చు. పీహెచ్‌డీ అక్కర్లేదు.

అలా టూరిస్టులు, గైడ్లు, శాస్త్రవేత్తలు కలిసి పోగేసిన ఫొటోలతో ఉత్తర పసిఫిక్ హంప్‌బ్యాక్‌ల లెక్క తీశారు. 2012లో సుమారు 33,500. 2021 నాటికి సుమారు 26,600. అంటే దాదాపు ఏడు వేలు తగ్గిపోయాయి! 2014 నుంచి 2016 దాకా ఆ సముద్రం అసాధారణంగా వేడెక్కింది. తిండి తగ్గింది. చాలా తిమింగలాలు ఆకలితో పోయి ఉంటాయని పరిశోధకులు 2024లో రాశారు. సముద్రం మధ్యలో పోయిన తిమింగలానికి డెత్ సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఏటా కనపడే తోక, ఆ తర్వాత ఎవరి ఫొటోలోనూ కనపడకపోవడమే దానికి సర్టిఫికెట్.

రోజంతా డేటాబేస్‌లతో కుస్తీ పట్టేవాణ్ని. ఒక్కో రికార్డు ఒక్కో ప్రాణం అయిన డేటాబేస్‌ని మాత్రం ఇదే చూడ్డం.

అదే దేశంలో హార్పూన్ కూడా

ఇంకో మాట చెప్పకపోతే ఇది టూరిజం ప్రకటనలా ఉంటుంది. ఐస్‌లాండ్ తిమింగలాల్ని చూపిస్తుంది, వేటాడుతుంది కూడా. వ్యాపారం కోసం చేసే వేటని 1986 నుంచి అంతర్జాతీయంగా ఆపేశారు. ఐస్‌లాండ్ మాత్రం 2006లో మళ్లీ మొదలుపెట్టింది. హంప్‌బ్యాక్‌లను కాదు, ఫిన్, మింకీ తిమింగలాల్ని. హార్పూన్ తగిలాక అవి చావడానికి చాలాసేపు పడుతోందని అక్కడి ప్రభుత్వ సంస్థే రిపోర్టు ఇవ్వడంతో 2023 జూన్‌లో వేట ఆపించారు. సెప్టెంబర్‌లో మళ్లీ వదిలారు. 2024 డిసెంబర్‌లో ఏకంగా ఐదేళ్ల అనుమతి ఇచ్చారు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. పొద్దున బోటెక్కి మింకీని చూసి చప్పట్లు కొట్టి, రాత్రి హోటల్‌లో 'లోకల్ స్పెషల్ కదా' అని మింకీ మాంసం ఆర్డర్ చేసే టూరిస్టులు తక్కువేం కాదు. 'మమ్మల్ని కలవండి, తినకండి' అంటూ జంతు సంక్షేమ సంస్థలు అక్కడ ప్రచారం చేసింది వాళ్ల కోసమే. తిండి ఎవరి ఇష్టం వాళ్లది, నిజమే. కానీ ఆ ప్లేటుకి డిమాండ్ పెంచుతున్నది బయటి నుంచి వచ్చిన మనలాంటివాళ్లయితే, 'అది వాళ్ల సంప్రదాయం' అనడం కుదరదు.

బోట్లు కూడా పూర్తిగా అమాయకం కాదు. ఇంజిన్ మోతకి, చుట్టుముట్టే బోట్లకి తిమింగలం మేత ఆపేస్తుంది. తినడానికే అంత దూరం వచ్చిన ప్రాణికి అది చిన్న నష్టం కాదు. అందుకే టికెట్ కొనేముందు ధర ఒక్కటే చూడకండి. దగ్గరికెళ్లేటప్పుడు వేగం తగ్గిస్తారా? వెనక నుంచి తరమకుండా పక్కనుంచి వెళ్తారా? కాసేపు చూసి వదిలేస్తారా? ఇవి అడగండి. హూసావిక్‌లో 2015 నుంచి బ్యాటరీతో నడిచే బోటు కూడా ఉంది.

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు

బోటెక్కే అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోండి. టచ్ స్క్రీన్‌కి పనిచేసే గ్లవ్స్ కొనుక్కోండి. ఫోన్ లొకేషన్ ఆన్‌లో ఉంచండి, ఫొటోకి తేదీ, చోటు తెలిస్తేనే విలువ. వీపు బాగా వంగిందంటే వీడియో ఆపి, తోక అడుగు భాగం పడేలా బర్స్ట్ మోడ్‌లో కొట్టండి.

అంత దూరం వెళ్లకపోయినా ఒక పని చేయొచ్చు. మన తీరానికి తిమింగలం కొట్టుకొస్తే మీదెక్కి సెల్ఫీ దిగకుండా అటవీ శాఖకి ఫోన్ చేయండి. మన చట్టంలో దానికి పులితో సమానమైన రక్షణ ఉంది.

మా తోక ఫొటో అప్‌లోడ్ చేసిన రెండు రోజులకి మెయిల్ వచ్చింది. అంతకుముందు రెండు వేసవుల్లో అదే అఖాతంలో ఎవరో తీసిన ఫొటోలతో మ్యాచ్ అయిందట. మళ్లీ ఎవరికైనా కనపడితే ఇంకో మెయిల్ వస్తుంది. ఈ చలికాలం కరీబియన్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియని టూరిస్టు ఫోన్ పైకెత్తితే చాలు. ఆఫీసు మెయిల్స్‌కి నోటిఫికేషన్ ఎప్పుడో ఆపేశా. దీనికి మాత్రం ఆన్‌లోనే ఉంచా.